దువ్వెన పట్టి... పోటీకి!

కడియపులంక పూలమార్కెట్లో మల్లెలు, కనకాంబరాలు, చామంతులు బేరమాడి కొనేవాళ్లలో పూలజడలు కుట్టేవాళ్లూ ఉంటారు. పొద్దున కొన్న ఆ పూలే రాత్రికి ఏ అమలాపురంలోనో తణుకులోనో పెళ్లికూతురి వీపున జడై వాలతాయి. అట్టముక్క మీద మొగ్గల్ని వరసగా కుట్టాలి. అసలు జుట్టుకు సవరం చేర్చాలి. కింద కుప్పెలు వేలాడదీయాలి. తలంబ్రాలు పోసుకుని, అప్పగింతలయ్యేదాకా జారకుండా బిగించాలి. తేలికే అనుకునేవాళ్లు ఒకసారి ఇంట్లో చెల్లెలికి వేసి చూడండి!

ఈ పనికి దగ్గరి పనిలో ప్రపంచస్థాయి పోటీ ఒకటుంది. పేరు వరల్డ్‌స్కిల్స్. రెండేళ్లకోసారి జరిగే ఈ వృత్తి నైపుణ్య పోటీల్లో వెల్డింగ్, వంట, తాపీపనితో పాటు హెయిర్‌డ్రెస్సింగ్ కూడా ఉంటుంది. 2024 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 59 విభాగాల్లో పోటీలు పెట్టారు. మనదేశానికి నాలుగు కాంస్యాలొచ్చాయి. కేకులూ పేస్ట్రీలూ చేయడానికి ఒకటి, హోటల్ రిసెప్షన్‌కు ఒకటి, ఇండస్ట్రీ 4.0కి ఒకటి, పునరుత్పాదక ఇంధనానికి ఒకటి. జుట్టుకు మాత్రం రాలేదు. ఇన్ని పెళ్లిళ్లు, ఇన్ని జడలు ఉన్న దేశానికి ఇది కాస్త చిన్నతనమే కదా!

పోటీ నాలుగు రోజులు. ఎదురుగా మనిషి ఉండదు, స్టాండుకు బిగించిన బొమ్మతల ఉంటుంది. జుట్టు మాత్రం నిజమైనదే. ఆడవాళ్ల కట్టింగ్, మగవాళ్ల కట్టింగ్, రంగులు వేయడం, పొడవాటి జుట్టును పెళ్లికూతురి సిగగా మలచడం... ఒక్కోదానికీ గడియారం నడుస్తూ ఉంటుంది. సమయానికి ముగించారా, చెప్పిన రంగులు వాడారా లాంటి వాటికి కొలతలున్నాయి. అందానికి? దానికి ముగ్గురు నిపుణులు విడివిడిగా సున్నా నుంచి మూడు దాకా మార్కులేస్తారు. మామూలు సెలూన్ స్థాయిలో చేస్తే వచ్చేది ఒకటే. అంటే ‘బాగుంది’ అనిపించుకుంటే చాలదన్నమాట.

సిగ ముడవడంలో మనమ్మాయిలు ఎవరికీ తీసిపోరు. పిన్ను ఎక్కడ గుచ్చితే బరువు నిలుస్తుందో పూలజడ వేసిన చేతికి చెప్పక్కర్లేదు. చిక్కంతా రంగుల దగ్గరే. మన నల్లజుట్టుకు లేత రంగు రావాలంటే ముందు బ్లీచ్ చేయాలి. నలుపు ఒక్కసారిగా పోదు... ఎరుపు, నారింజ, పసుపు దశలు దాటుతుంది. ఏ దశలో ఆపారన్న దాన్ని బట్టి పైన వేసే రంగు మారిపోతుంది. నారింజ దగ్గర ఆపి లేత బూడిదరంగు వేస్తే వచ్చేది బూడిదరంగు కాదు, బురదరంగు! ఇదంతా సాధనతో వచ్చేదే. సాధనకు బొమ్మతలలు కావాలి. అసలు జుట్టున్న తల ఒక్కోటీ వేలల్లోనే. పైగా, కత్తిరిస్తే మళ్లీ పెరగదు. అందుకే తెలివైనవాళ్లు ఒకే తలను ముందు సిగకు, తర్వాత పొడుగు కట్టింగ్‌కు, ఆపైన పొట్టి కట్టింగ్‌కు, చివరికి రంగులకు వాడుకుంటారు.

అసలు అడ్డంకి డబ్బు కూడా కాదు, వయసు. ఈ పోటీకి 22 ఏళ్లు దాటకూడదు. లియాన్‌కు 2002 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లనే తీసుకున్నారు. జీవితంలో ఒక్కసారే అవకాశం కూడానూ. డిగ్రీ అయ్యాక చూద్దాంలే అంటే అప్పటికి తలుపు మూసేస్తారు. పదో తరగతి పాసైతే ఐటీఐలో ఏడాది కాస్మెటాలజీ కోర్సు చేయొచ్చు. ఆ తర్వాత ‘ఇండియాస్కిల్స్’ మెట్లు: రాష్ట్రం, ప్రాంతం, జాతీయం. ఏపీలో మొదటి మెట్టు వివరాలకు రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థను కనుక్కోవాలి.

అయితే అంతకంటే ముందు ఇంట్లో ఒక మెట్టుంటుంది. ‘చదివించింది కత్తెర పట్టడానికా?’ అంటాడు నాన్న. ఆయన నాయీబ్రాహ్మణుడైతే మాట ఇంకోలా వస్తుంది: ‘ఈ కత్తెర నాతోనే పోవాలిరా.’ ఆ మాట వెనక ఎన్ని అవమానాలున్నాయో ఆయనకే తెలుసు. కాదనలేం. కానీ ఇవాళ ఆ పనినే ఏసీ గదిలోకి మార్చి, వేలల్లో ఫీజు కట్టించుకుని నేర్పుతున్నది చాలాచోట్ల ఇతరులే. 2015 పుష్కరాల్లో గోదావరి గట్టున పొద్దస్తమానం గాటు పడకుండా గుండ్లు గీసిన చేతుల ఒడుపు ఏ అకాడమీలో దొరుకుతుంది? ఆ ఇళ్ల పిల్లలు ఈ పోటీల మాటే వినకపోవడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

ఇంగ్లండులో పేరు మోసిన ట్రెవర్ సోర్బీ కూడా మంగలి కొడుకే. స్కాట్లండులో పుట్టాడు. 15వ ఏట బడి మానేసి తండ్రి షాపులో చేరాడు. 1974లో ఆయన సృష్టించిన ‘వెడ్జ్’ కట్టింగ్ ఊరూరా పాకింది. బ్రిటిష్ హెయిర్‌డ్రెసర్ ఆఫ్ ద ఇయర్ పురస్కారం నాలుగుసార్లు గెలిచాడు. 2004లో రాణిగారి ప్రభుత్వం ఎంబీఈ బిరుదిచ్చింది. ఆ తర్వాత క్యాన్సర్ మందులతో జుట్టు రాలిపోయిన ఆడవాళ్లకు విగ్గుల్ని వాళ్ల ముఖానికి తగ్గట్టు కత్తిరించి ఇచ్చే సేవాసంస్థ నడిపాడు. 2024 నవంబరులో కన్నుమూశాడు.

పతకం అందరికీ రాదండీ, ఆ భ్రమ వద్దు. రాకపోయినా రెండేళ్లు గడియారం పెట్టుకుని సాధన చేసిన చేయి పెళ్లిసీజన్లో ఖాళీగా ఉండదు. సినిమా సెట్లకూ, శిక్షణ ఇచ్చే ఉద్యోగాలకూ కూడా ఆ చేయే కావాలి. మొదలుపెట్టాలనుకునే పిల్లలు ఇవాళ్టి నుంచే చేయదగ్గ పని ఒకటుంది. వేసిన ప్రతి జడనూ, చేసిన ప్రతి కట్టింగ్‌నూ ముందు, వెనక, రెండు పక్కల నుంచి ఫొటో తీసి, ఎంతసేపు పట్టిందో కింద రాసిపెట్టుకోండి. నెల తర్వాత ఆ ఫొటోలు నాన్న ముందు పెట్టి, అప్పుడు అడగండి... ఒక బొమ్మతల కొనిపెట్టమని.