ముద్దు... పుండు... ఓ భయం!

'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?'- ఇరవయ్యేళ్ల కిందట మన ఊళ్లలో ఎక్కడ చూసినా ఇదే ప్రశ్న. ఎవరీ పులిరాజా అని జనం తెగ మాట్లాడుకున్నారు. ఆ నవ్వుల మధ్యే ఎయిడ్స్ అన్న మాట ఇళ్లలోకి వచ్చేసింది. అయినా కొన్ని సందేహాలు ఇప్పటికీ గొంతు దాటి రావు. ఈ వారం అందిన ఓ ఉత్తరం అలాంటిదే.

రాసింది ఓ యువకుడు. పేరూ ఊరూ లేవు. పెళ్లి కుదిరింది. కాబోయే భార్యతో సినిమాకెళ్లిన రోజు తొలిముద్దు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, పళ్లకు వేయించుకున్న క్లిప్పు గీరుకుని పెదవి లోపల తెగి ఉంది. ఆ రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదట. 'తన గురించి నాకేం తెలుసు? హెచ్‌ఐవీ ఉంటే? ముహూర్తం వచ్చేనెల. ఏదో సాకు చెప్పి వాయిదా వేయించనా?' అని అడిగాడు.

తమ్ముడూ, ముందు కాస్త మంచినీళ్లు తాగు!

హెచ్‌ఐవీ లాలాజలంతో సోకదు. రక్షణ లేని లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, సూదులు... తల్లి నుంచి బిడ్డకు కాన్పులోనో పాలతోనో- ఇవీ దాని దారులు. లాలాజలంలో వైరస్ చాలా తక్కువ. పైగా దాన్ని అడ్డుకునే పదార్థాలూ అందులోనే ఉంటాయి. ముద్దుతో సోకాలంటే, ఎదుటివారికి హెచ్‌ఐవీ ఉండాలి, వాళ్ల నోట్లోంచి రక్తం కారుతుండాలి, అది మన పచ్చిపుండులోకి చేరాలి. అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1997లో ఇలాంటి కేసు ఒకటి వెల్లడించింది. ఆ జంటలో ఇద్దరికీ చిగుళ్ల జబ్బు ఉంది. అక్కడ కూడా కారణం లాలాజలం కాదు, రక్తమే అయి ఉంటుందని తేల్చారు. ముద్దు మాట వస్తే ఇప్పటికీ అందరూ చెప్పుకొనేది ఆ ఒక్క కేసునే!

కాబట్టి నోటిపూతకో, పెదవి తెగినందుకో పరీక్షలకు పరుగెత్తనక్కర్లేదు. అయినా మనసు కుదుటపడకపోతే ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీ కేంద్రానికి వెళ్లొచ్చు. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. మూడు నెలలు దాటాక నెగెటివ్ వస్తే ఇక నమ్మాలి, మళ్లీ మళ్లీ చేయించుకోకూడదు. ఫోన్లో అడగాలంటే 1097 ఉంది. నిజంగా ప్రమాదం జరిగితే- అంటే కండోమ్ లేని కలయికో, వాడిన సూది గుచ్చుకోవడమో- 72 గంటల్లోపు డాక్టర్ని కలిస్తే 28 రోజుల మందుల కోర్సు ఉంటుంది. పెళ్లికి ముందు పరీక్ష కావాలనిపిస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. అమ్మాయిని ఒక్కదాన్నే పంపితే అది పరీక్షలా ఉండదు, అనుమానంలా ఉంటుంది.

ఈ ఉత్తరం చదువుతుంటే నాకో ఇల్లు గుర్తొచ్చింది. కొన్నేళ్ల కిందట ఓ కథనం కోసం వెళ్లాను. వరండా గూట్లో విడిగా ఒక కంచం, స్టీలు గ్లాసు. గ్లాసు మీద ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క. 'అది కోడలిదమ్మా, కలిసిపోకుండా గుర్తు' అంది అత్తగారు. పక్కనే నిలబడిన ఆ అమ్మాయి తల దించుకుంది. ఆమెకు ఆ జబ్బు తెచ్చిపెట్టింది భర్తే. అతను పోయాడు, చుక్క మాత్రం ఆమెకు మిగిలింది.

తెగిన పెదవితో పెట్టిన ముద్దుకే భయపడనక్కర్లేనప్పుడు, ఎంగిలి గ్లాసుకు భయమెందుకు? ఉచిత ఏఆర్‌టీ మందులు మనదేశంలో 2004 నుంచీ ఉన్నాయి. వాటిని క్రమం తప్పకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరినవారి నుంచి లైంగికంగానూ అది సోకదు.

తమ్ముడూ, ఉప్పునీళ్లతో పుక్కిలించు, క్లిప్పు సంగతి పళ్ల డాక్టర్‌కి చూపించు. ముహూర్తం మాత్రం మార్చకు.

ఇక మిగతావాళ్లం... మన ఇళ్లలో ఏ గ్లాసు మీదైనా అలాంటి చుక్క ఉందేమో ఈ ఆదివారం ఓసారి చూసుకుందాం.