ముప్ఫై తూటాల డబ్బా... ఒక్కో దేశానిది ఒక్కో తీరు!

ఎదురుకాల్పుల తర్వాత పోలీసులు పెట్టే విలేకరుల సమావేశాల ఫొటోలు గుర్తున్నాయా? బల్లమీద తెల్లటి గుడ్డ, దానిమీద వరసగా తుపాకులు, పక్కనే అరటిపండులా వంపు తిరిగిన డబ్బాలు. మర్నాడు పేపర్లో ఏకే-47లు ఇన్ని, మ్యాగజైన్లు అన్ని అని లెక్క. తుపాకీ పేరు చిన్నపిల్లలకీ తెలుసు. డబ్బా సంగతే ఎవరికీ పట్టదు. నిజానికి అది లేకపోతే ఎంత గొప్ప ఏకే-47 అయినా ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని పేల్చుకోవాల్సిందే!

మ్యాగజైన్ అంటే అసలు అర్థం గోదాము. అరబ్బీ 'మఖ్జన్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. గనుల్లో పేలుడు మందు దాచే కొట్టునీ మ్యాగజైనే అంటారు. 1731లో లండన్లో ఓ పత్రిక 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' అని పేరు పెట్టుకుంది. అప్పట్నుంచి కథలూ కబుర్లూ దాచేది కూడా మ్యాగజైన్ అయిపోయింది. ఆ లెక్కన మీ చేతిలోని ఈ పుస్తకం, ఆ డబ్బా... దూరపు చుట్టాలే.

లోపల పెద్ద యంత్రాంగమేమీ ఉండదు. అడుగున ఓ స్ప్రింగు, దానిమీద ఓ పలక, ఆ పలక మీద తూటాలు. పైన మూతి దగ్గర రెండు అంచులు తూటా జారిపోకుండా పట్టుకుంటాయి. ప్రాణమంతా ఆ అంచుల్లోనే. అవి కాస్త వంగాయా... తూటా అడ్డం తిరుగుతుంది, తుపాకీ మొరాయిస్తుంది. ఎదుటివాడు కాలుస్తుంటే సిపాయి చేతిలో మిగిలేది ఇనుప కర్ర! ఇక ఆ వంపు అందం కోసం కాదు. ఏకే తూటా వెనకవైపు లావు, ముందుకు పోయేకొద్దీ సన్నం. ముప్ఫై ఒకదానిమీద ఒకటి పేరిస్తే వరస దానంతటదే వంగుతుంది.

సోవియట్ సైన్యం 1949లో ఏకేని తీసుకున్నప్పుడు మ్యాగజైన్ మందపాటి ఉక్కురేకుతో నున్నగా ఉండేది. ఖాళీదే సుమారు 430 గ్రాములు. గట్టిదే, కానీ మోసేవాడి నడుం విరగాలి. తర్వాత రేకు పల్చన చేసి, బలం కోసం గాడులు నొక్కారు. బరువు 330కి దిగింది. వంద గ్రాములేగా అనిపిస్తుంది. సిపాయి దగ్గర అయిదు మ్యాగజైన్లుంటే అరకిలో మిగిలినట్టు. ఆ అరకిలోకి ఇంకో ముప్ఫై తూటాలొస్తాయి! ఆ ఉత్సాహంలో అల్యూమినియంతోనూ చేశారు. 190 గ్రాములకు దిగింది గానీ ఆ రేకు మోటు వాడకానికి ఆగలేదు. చివరికి గాజుపీచు కలిపిన ఎర్రటి ప్లాస్టిక్ దగ్గర స్థిరపడ్డారు. 250 గ్రాములు. నలిగే చోట్ల మాత్రం లోపల ఉక్కే. దాన్ని అందరూ బేకలైట్ అంటారు, అది బేకలైట్ కాదు. అయినా పేరు పోలేదు.

రష్యావాళ్లు నమూనా ఇచ్చారు, మిగతా దేశాలు ఊరికే కాపీ కొట్టాయనుకుంటే పొరపాటు. చైనా మ్యాగజైన్ తిప్పి చూడండి. వెన్ను మీద గాడి ఉండదు, చదునుగా ఉంటుంది. తెలిసినవాళ్లు చీకట్లో తడిమి అయినా చెప్పేస్తారు. బల్గేరియాలోని కజన్లాక్ ఫ్యాక్టరీది ప్లాస్టిక్. దాని మీద గుండ్రటి గీతల మధ్య '10' అంకె ఉంటుంది. యుద్ధ ట్యాంకుల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లకు హంగరీ 20 తూటాల పొట్టి రకం తెచ్చింది. అన్నిట్లోకీ తెలివైన మార్పు మాత్రం యుగోస్లావియాదే. మామూలు ఏకేలో ఆఖరి తూటా అయిపోయినా తుపాకీ చెప్పదు. మీట నొక్కాక 'టిక్' మంటుంది, అప్పుడు తెలుస్తుంది. ఆ టిక్కు ఖరీదు ఒక్కోసారి ప్రాణం. యుగోస్లావులు లోపలి పలక వెనక అంచుని కాస్త మార్చారంతే. తూటాలు అయిపోగానే ఆ అంచు తుపాకీ బోల్టును వెనకే ఆపేస్తుంది. సిపాయికి వెంటనే తెలిసిపోతుంది.

చెకొస్లొవేకియా దారి వేరు. వాళ్ల వీజెడ్-58 రైఫిల్ దూరం నుంచి చూస్తే అచ్చం ఏకేనే. తూటా అదే, సంఖ్య అదే ముప్ఫై, వంపూ అదే. కానీ దాని మ్యాగజైన్ ఏకేకి పట్టదు, ఏకేది దానికి పట్టదు!

ఇలాంటి తిరకాసు మనవాళ్లకు బాగా తెలిసిన ఎస్ఎల్ఆర్ కుటుంబంలోనూ ఉంది. దాని పుట్టిల్లు బెల్జియం. అక్కడ కొలతలు మిల్లీమీటర్లలో. బ్రిటన్ దాన్ని అంగుళాల్లోకి మార్చి తయారు చేసుకుంది. మ్యాగజైన్ ముందు తగిలించే కొక్కెం దగ్గర తేడా వచ్చింది. మిల్లీమీటర్ల మ్యాగజైన్ అంగుళాల రైఫిల్‌కి పడుతుంది. అంగుళాలది మిల్లీమీటర్ల దాంట్లో దూరనే దూరదు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో రెండు పక్షాలవీ ఈ కుటుంబం తుపాకులే. శత్రువు మ్యాగజైన్ దొరికితే బ్రిటిష్ సిపాయికి అక్కరకొస్తుంది. అదే బ్రిటిష్‌ది దొరికితే అర్జెంటీనా కుర్రాడు అందులోని తూటాలు ఒక్కోటీ ఊడదీసి తన డబ్బాలో నింపుకోవాల్సిందే. కొలబద్ద చేసిన పని!

ఇజ్రాయెల్ వాళ్ల కష్టం ఇంకోటి. ఉజీ తుపాకీ మ్యాగజైన్ అంచులతో సిపాయిలు సీసా మూతలు తీసేవాళ్లట. అంచులు వంకర, తుపాకీ మూగ. తిట్టి లాభం లేదనుకున్నారేమో, 1970లలో వచ్చిన గలీల్ రైఫిల్‌కి ఏకంగా మూత తీసే ఓపెనర్ అమర్చి ఇచ్చారు. ఇంట్లో స్టీలు గరిటెతో డబ్బా మూతలు లేపేవాళ్లకి ఈ సమస్య చక్కగా అర్థమవుతుంది.

మన ఇన్సాస్ మ్యాగజైన్ 20 తూటాలది. ఎన్ని మిగిలాయో చూస్తే కనిపించేలా లోపలికి మసకగా కనబడే ప్లాస్టిక్‌తో చేశారు. ఆలోచన మంచిదే. తీరా 1999లో కార్గిల్ కొండల మీద చలికి ఆ ప్లాస్టిక్ పగులుతోందని ఫిర్యాదులొచ్చాయి. ఆ రైఫిల్ స్థానంలోకి తేవడానికి 2019లో ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లా కోర్వాలో రష్యాతో కలిసి ఏకే-203 ఫ్యాక్టరీ పెట్టారు. దానికి వాడేది 1940ల నాటి ఆ పాత తూటానే. మ్యాగజైన్ నల్లటి ప్లాస్టిక్‌ది, ముప్ఫై తూటాలది, అదే అరటిపండు వంపు.