చైనాకి దారి... భద్రాచలం మీదుగా!

వీపున ఓ సంచి, చేతిలో నెల రోజుల సెలవు, బ్యాంకులో అంతంతమాత్రం డబ్బు. వీటితో చైనా చుట్టి రావాలన్నది కోరిక. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఇంట్లో ఈ మాటంటే అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న 'డబ్బులెక్కడివి?' అని. రెండో ప్రశ్న 'భాష రాదు, తెలిసినవాళ్లు లేరు... ఒక్కడివే ఎలా తిరుగుతావురా?' అని. మొదటి ప్రశ్నకు జవాబు పాసుపుస్తకం చెబుతుంది. రెండోదానికి జవాబు మాత్రం ఇంటి పక్కనున్న అడవిలోనే దొరుకుతుంది. ఆ అడవిని దాటి వెళ్లిన ఓ చైనా యాత్రికుడి కథలోనూ దొరుకుతుంది.

ఆయన పేరు హుయాన్‌త్సాంగ్. సాంఘికశాస్త్రం పాఠంలో హర్షవర్ధనుడి పేరు పక్కనే కనిపించే బౌద్ధ భిక్షువు. 629 ప్రాంతంలో చైనా విడిచి, ఎడారులూ మంచుకొండలూ దాటి భారతదేశం చేరి, 645లో తిరిగి వెళ్లాడు. దక్షిణ కోసల నుంచి, అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతం నుంచి, దక్షిణంగా అడవిలో 900 'లీ'లకు పైగా ప్రయాణిస్తే ఆంధ్ర దేశం వస్తుందని ఆయన రాశాడు. ఇప్పటి లెక్కలో అది సుమారు 400 కిలోమీటర్లు. ఆయన చెప్పిన రాజధాని ఏలూరు దగ్గరి పెదవేగి, అంటే నాటి వేంగి, అని చరిత్రకారులు గుర్తించారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వేంగికి దక్షిణంగా రావాలంటే మధ్యలో అడ్డుపడేవి శబరి, గోదావరి నదులూ వాటి అడవులే. నేటి కుంట, చింతూరు, భద్రాచలం ఉన్నది అక్కడే.

పటాలు లేవు, హోటళ్లు లేవు. అయినా అంత దూరం తిరిగొచ్చాడంటే కారణం అదృష్టం ఒక్కటే కాదు. తయారీ! తక్కువ ఖర్చు ప్రయాణంలో డబ్బు తగ్గే కొద్దీ తయారీ పెరగాలి. అది పుస్తకాలు చదివితే వచ్చేది కాదు, చేసి చూస్తే వచ్చేది. అందుకే చైనా టికెట్ కొనేముందు ఖమ్మం, భద్రాచలం, చింతూరు, కుంటల మధ్య ఓ పది రోజులు సొంతంగా తిరిగి చూసుకోవడం మంచిది. అక్కడ చేసిన తప్పుకి పోయేది వంద రూపాయలో, ఒక పూటో. అదే తప్పు చైనాలో చేస్తే పోయేది ఓ నెల జీతం.

స్టేషన్ పేరు నమ్మొద్దు

సికింద్రాబాద్‌లో 'భద్రాచలం రోడ్'కి టికెట్ తీసుకుని, దిగగానే రాముడి గుడి కనిపిస్తుందనుకుంటారు కొత్తవాళ్లు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. గుడికి ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి, గోదావరి వంతెన దాటాలి. రాత్రి పొద్దుపోయాక దిగితే ఆటోవాళ్లు చెప్పిందే ధర!

చైనాలో ఈ చిక్కు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఉంటుంది. గ్వాంగ్‌జౌ స్టేషన్ వేరు, గ్వాంగ్‌జౌ సౌత్ వేరు, గ్వాంగ్‌జౌ ఈస్ట్ వేరు. ఒకదాని బదులు ఇంకోదానికి వెళ్తే రైలు వెళ్లిపోయినట్టే. బెయ్ అంటే ఉత్తరం, నాన్ దక్షిణం, దోంగ్ తూర్పు, షీ పడమర. ఈ నాలుగు మాటలూ చైనా లిపిలో గుర్తుపట్టడం వస్తే సగం బాధ తప్పుతుంది. టికెట్లు సుమారు పదిహేను రోజుల ముందు నుంచి చైనా రైల్వే వారి 12306 వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. విడిగా కాగితం టికెట్టంటూ అక్కర్లేదు, పాస్‌పోర్టే టికెట్. బుల్లెట్ రైళ్లు కళ్లు చెదిరేలా ఉంటాయి కానీ జేబుకి మేలు చేసేవి పాత రైళ్లే. వాటిలో 'హార్డ్ స్లీపర్' అంటే తలుపుల్లేని అరలో ఆరు పడకలు. మన స్లీపర్ బోగీకి దగ్గరి చుట్టం. రాత్రి ప్రయాణం పెట్టుకుంటే ఒక రోజు గది అద్దె మిగులుతుంది.

కాగితాలే కొండంత అండ

హుయాన్‌త్సాంగ్ దారిలో గావోచాంగ్ అనే రాజ్యంలో ఆగాడు. అక్కడి రాజు ఆయనకు బంగారం, వెండి, గుర్రాలూ ఇచ్చాడు. వాటికంటే ఎక్కువ పనికొచ్చింది మరొకటుంది. దారిలోని 24 రాజ్యాలకు రాసిచ్చిన పరిచయ లేఖలు. డబ్బుని దొంగలు దోచుకోగలరు, దారిలో ఆయన్ని దోచుకున్నారు కూడా. రాజముద్ర ఉన్న లేఖ మాత్రం వెళ్లిన చోటల్లా తలుపు తెరిపించింది.

భద్రాచలంలో సరిహద్దు అంటే ఏమిటో చిన్న మోతాదులో తెలుస్తుంది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. గుడి నుంచి కాస్త దూరం వెళ్తే రాష్ట్రం మారిపోతుంది. పర్ణశాల చూద్దామని దుమ్ముగూడెం వైపు వెళ్లే బస్సు తెలంగాణలో బయల్దేరి, ఆంధ్ర ఊళ్లు దాటి, మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. తెలంగాణ ఆర్టీసీలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. కానీ ఏ రాష్ట్రం పథకం ఆ రాష్ట్రానిదే. ఆధార్ చూపించాలి. సరిహద్దు దాటే బస్సయితే ఎక్కే ముందే కండక్టర్ని అడిగి తెలుసుకోవాలి. ఈ అలవాటు ఇక్కడ పడితే వీసా కౌంటర్ దగ్గర కంగారు ఉండదు.

చైనా చాలా దేశాలవాళ్లను వీసా లేకుండా రానిస్తోంది. ఆ జాబితాలో భారత్ లేదు. పది రోజుల ట్రాన్సిట్ సౌకర్యం కూడా భారత పాస్‌పోర్టుకి వర్తించదు. చైనా రాయబార కార్యాలయం ఢిల్లీలో, కాన్సులేట్లు ముంబయి, కోల్‌కతాల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లో లేదు. ఆ పనికి అయ్యే ఖర్చు, పట్టే రోజులూ ముందే లెక్కలో వేసుకోవాలి. వీసా నెలకు వస్తే ప్రణాళిక నెలకే వేసుకోవాలి, పొడిగిస్తారులే అని టికెట్లు కొనకూడదు. ఇక టిబెట్... ఒంటరిగా తిరుగుదామంటే కుదరదు. ప్రత్యేక అనుమతి, ఏజెన్సీ, గైడు తప్పనిసరి. తక్కువ ఖర్చు యాత్రలోంచి దాన్ని ముందే కొట్టేయడం నయం.

ఏ నెలలో వెళ్తారు?

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఊళ్లు మునిగాయి, రోడ్లు తెగిపోయాయి. అంటే జులై నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ బస్సులు ఎప్పుడు ఆగుతాయో నది ఇష్టం. శ్రీరామనవమికి వెళ్తే గది దొరకదు, ఆ తర్వాత ఎండలు నిలవనీయవు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే హాయి.

చైనాలోనూ చూసుకోవాల్సిన తేదీలున్నాయి. అక్టోబరు 1 నుంచి వారం రోజులు వాళ్ల జాతీయ సెలవులు. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే కొత్త సంవత్సరానికి దేశం దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది. సంక్రాంతికి విజయవాడ బస్సు ఎక్కినవాళ్లకు ఆ రద్దీ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో టికెట్ దొరకదు, దొరికినా గది ధర రెండింతలు. ఏప్రిల్, మే మొదటి వారం సెలవుల తర్వాతి రోజులు, సెప్టెంబరు, అక్టోబరు రెండో సగం మేలు.

ఇక్కడ పొదుపు వద్దు

పాపికొండలకు పడవలు భద్రాచలం వైపు నుంచి అయితే పోచవరంలో బయల్దేరతాయి. 2019 సెప్టెంబరు 15న రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చిన పర్యటక పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత రెండేళ్లకు పైగా ఈ విహారం ఆగింది. పడవ ఎక్కేవాళ్లు చూడాల్సింది టికెట్ ధర కాదు. లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉందా, నది ఎలా ఉంది అన్నవే.

అడవి పక్క ఊళ్లలో మలేరియా ఉంది. దోమతెరా, దోమల మందూ బరువైనా మోయాల్సిందే. గోబీ ఎడారిలో హుయాన్‌త్సాంగ్ నీళ్ల తిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు చుక్క నీరు లేకుండా నడిచాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఒకే తిత్తి, ఒకే పర్సు, ఒకే ఫోను మీద ఆధారపడితే ఇదే గతి. చైనా వెళ్లేవాళ్లు ప్రయాణ బీమా, రెండో బ్యాంకు కార్డు, పాస్‌పోర్టు నకళ్లు మాత్రం మానకూడదు. అక్కడ టీకొట్టులో కూడా ఫోనుతోనే చెల్లింపు. అలీపే, వీచాట్ యాప్‌లకు అంతర్జాతీయ కార్డు జతచేసుకునే పని ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవాలి. గూగుల్, వాట్సాప్ మామూలుగా పనిచేయవు కాబట్టి పటాలు, అనువాద యాప్ ముందే ఫోనులో దింపుకోవాలి.

మాట రాని ఊళ్లో మనిషి

చింతూరు దాటేసరికి తెలుగు పలచబడుతుంది. సంతలో కోయ మాట వినిపిస్తుంది. కుంట చేరితే హిందీ కావాలి. సైగలతో ధర అడగడం, చిన్న కాగితంపై అంకె రాసి చూపడం, నవ్వుతూ 'వద్దు' అనడం... ఇవన్నీ అక్కడ నేర్చుకోవచ్చు. శాకాహారులైతే 'మాంసం, చేప, గుడ్డు తినను' అని చైనా లిపిలో రాయించుకున్న చీటీ ఒకటి జేబులో ఉంచుకోవాలి. అక్కడ 'కూర' అని తెచ్చిన దాంట్లోనూ పంది కొవ్వు ఉండొచ్చు.

నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. వరరామచంద్రాపురం, కూనవరం మండలాల్లో పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. పటంలో ఉన్న ఊరు అక్కడ లేకపోవచ్చు. ఉన్న ఊళ్లోవాళ్లు రేపు ఎక్కడుంటామో అన్న దిగుల్లో ఉండొచ్చు. అలాంటి గుమ్మం ముందు కెమెరా తీయడానికి ముందు అనుమతి అడగాలి. పెట్టిన అన్నానికి డబ్బివ్వబోతే వద్దంటే, వాళ్ల దగ్గరే తేనో చింతపండో కొనుక్కోవాలి. లోపలి గూడేలకు తెలిసినవాళ్లు లేకుండా పోకూడదు. చౌకగా తిరగడమంటే పేదవాళ్ల మీద పడి తిరగడం కాదు. ఈ సంగతి ఇక్కడ ఒంటబట్టినవాళ్లు ఏ దేశం వెళ్లినా అతిథిగానే ఉంటారు.

లెక్కల పుస్తకం

ఈ పది రోజులూ రాత్రి పడుకునే ముందు బస్సు, తిండి, గది, దండగ అని నాలుగు గడుల్లో ఖర్చు రాయాలి. అనుకున్నదానికీ అయినదానికీ ఎంత తేడా వచ్చిందో చూస్తే, చైనా లెక్కకు అంత కలుపుకోవచ్చు. యువాన్ విలువ సుమారు 12, 13 రూపాయలు. హాస్టళ్లలో డార్మెటరీ పడక చాలా ఊళ్లలో 50 నుంచి 100 యువాన్లు. తిండి, సిటీ బస్సులు కలిపితే రోజుకు 150 నుంచి 200 యువాన్లు, అంటే రెండు వేల నుంచి రెండున్నర వేల రూపాయల దాకా. దూరపు రైళ్లు, ప్రవేశ టికెట్లు, విమానం, వీసా దీనికి అదనం. బస చేసిన ప్రతి చోటా విదేశీయుల వివరాలు పోలీసులకు చేరాలి. హాస్టల్ అయితే ఆ పని వాళ్లే చూస్తారు. తెలిసినవాళ్లింట్లో ఉంటే 24 గంటల్లోగా సొంతంగా నమోదు చేయించుకోవాలి.

2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా, గ్వాంగ్‌జౌ మధ్య సర్వీసుతో మళ్లీ మొదలయ్యాయి. గ్వాంగ్‌జౌలో దిగి గుయిలిన్ కొండలు, చెంగ్డూ, షియాన్, దున్‌హువాంగ్ గుహలు... నెలకు ఇవి చాలు. పది ఊళ్లు పెట్టుకుంటే డబ్బంతా రైళ్లకే పోతుంది. షియాన్‌లో 652లో కట్టిన ఓ గోపురం ఉంది. హుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి కట్టించినదది.

ఆయన చేసినవాటిలో అనుసరించకూడని పని ఒక్కటే. చక్రవర్తి వద్దన్నా చాటుగా బయల్దేరడం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తిరిగి వస్తూ ఖోటాన్ దగ్గర ఆగి, అనుమతి లేకుండా వెళ్లినందుకు మన్నించమని చక్రవర్తికి లేఖ రాశాడు. రమ్మని కబురు వచ్చాకే రాజధానికి ప్రయాణం సాగించాడు. ఇంట్లో చెప్పి, రోజుకో ఊరి పేరుతో కాగితం రాసిచ్చి, రాత్రికో ఫోను చేస్తూ పది రోజులు అడవి సరిహద్దులో తిరిగొచ్చిన పిల్లలకు ఆ అవసరం రాదు. రెండో ప్రశ్న అడిగిన అమ్మానాన్నలే 'వీసాకి ఎప్పుడు వెళ్తున్నావ్?' అని అడుగుతారు.