కాటాకెక్కే ముందు...

64 కిలోలు!

మా నాన్న నలభై ఏళ్లపాటు మేష్టరు జీతంలోంచి మిగుల్చుకుని కొన్న పుస్తకాల్లో సగం బరువది. గోనెసంచీని స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించి, 'కిలో పది లెక్కన ఆరొందల నలభై సార్' అన్నాడు పాత పేపర్లు కొనే అబ్బాయి. బేరం కూడా ఆడలేదు నేను. నిజం చెప్పొద్దూ, మోసుకెళ్తున్నందుకు అతనికే ఎదురు డబ్బులివ్వాలన్నంత హాయిగా అనిపించింది ఆ క్షణంలో.

నాన్న పోయి ఏడాదైంది. రేపల్లెలో ఇల్లు అమ్మేశాం. అమ్మ హైదరాబాద్‌లో మా ఫ్లాటుకి వచ్చేస్తోంది. సామాను సర్దడానికి నాకు దొరికింది మూడు రోజుల సెలవు. ఇత్తడి బిందెలకు చుట్టాలు దొరికారు. పందిరిమంచానికి బేరం కుదిరింది. ఎవరూ అడగనివి పుస్తకాలే. 'ఈ రోజుల్లో చదివేవాళ్లెవర్రా? తూకానికేసెయ్' అన్నాడు మావయ్య. సగం వేసేశాను. మిగతా సగం, టైము చాలక, అయిదు అట్టపెట్టెల్లో లారీ ఎక్కింది.

హైదరాబాద్ వచ్చిన నాలుగో రోజున అమ్మ ఆ పెట్టెలన్నీ విప్పి చూసి అడిగింది... 'నీలం అట్ట బైండు ఏదిరా?'

పాతికేళ్లు దాటినవాళ్లకి బైండు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలు వారం వారం చింపి దాచి, చివర్లో దారంతో కుట్టించి అట్ట వేయించేవాళ్లు. అదీ అలాంటిదే. అయితే 1990 మేలో తుపాను వచ్చినప్పుడు ఆ వారం పత్రిక మా ఊరికి రాలేదు. నెల తర్వాత గుంటూరులో పిన్ని దగ్గర ఆ సంచిక దొరికింది. తిరిగిచ్చేయాలి కదా! అందుకని ఆ వారం భాగం మొత్తం అమ్మ తెల్లకాగితాల మీద చేత్తో రాసుకుంది. అప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. ఆ కాగితాలు కూడా కలిపి నాన్న బైండు చేయించాడట.

మావయ్యకి ఫోన్ చేశాను. పాపం, ఆయన వెంటనే వెళ్లాడు. సరుకు రెండు రోజుల క్రితమే విజయవాడ గోడౌనుకి వెళ్లిపోయిందన్నారు.

'పోనీలేరా, పుస్తకమేగా' అని అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫుట్‌పాత్ పాఠాలు

అబిడ్స్‌లో ఆదివారం షాపులు మూసి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. పాత కాగితాల గోడౌన్లలో ఏరి తెచ్చేవాళ్లు అక్కడ చాలామందే ఉంటారు. ఏమో, ఎక్కడ తేలుతుందో అన్న ఆశతో నాలుగు ఆదివారాలు తిరిగాను. బైండు దొరకలేదు. 'లారీ మిల్లుకెళ్లిందంటే గుజ్జే సార్' అని ఒక పెద్దాయన తేల్చేశాడు. కానీ పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకాలు వదిలించుకునే పద్ధతి ఏమిటో ఆయనే చెప్పాడు.

పోటీ పరీక్షల పుస్తకాలు పాలలాంటివట. నిల్వ ఉంటే విరుగుతాయి! పరీక్ష అయిన వారంలోనే అమ్మేయాలి. సిలబస్ మారినా, కొత్త ఎడిషన్ వచ్చినా ఇక అంతే. కోఠీ దుకాణాలవాళ్లు తీసుకుంటారు గానీ, వాళ్లకీ లాభం ఉండాలి కదా... అట్ట మీద ధరలో నాలుగో వంతు ముట్టినా మంచి బేరమే. అదే హాస్టల్లో జూనియర్‌కి నేరుగా అమ్మితే సగం వస్తుంది. ఇద్దరికీ లాభం.

నవలలకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. యద్దనపూడి, యండమూరి పేర్లు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ఆగుతారు. విజయవాడ వైపు వాళ్లయితే లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో అడగొచ్చు. 1947లో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు కాబట్టి పాత సంచికల కోసం వెతికేవాళ్లున్నారు. వాటిని మాత్రం తూకానికి వేయకండి.

మరి వేలు పోసి కొన్న ఎన్‌సైక్లోపీడియాలు? వాటిని మోయడానికి కూలి కూడా రాదు. ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ పాఠాలు, జనరల్ నాలెడ్జి గైడ్లు, చెదపట్టినవి... వీటికి కాటాయే దారి. మొహమాటం అక్కర్లేదు. అన్నట్టు, తూకానికి వేసినా పుస్తకాలకంటే పేపర్లకే ధర ఎక్కువ. పేపరు పొట్లాలకీ ప్యాకింగుకీ పనికొస్తుంది. పుస్తకమైతే అట్టా బైండింగూ పీకాలి.

భారత భాగవతాలు తూకానికి వేయడానికి ఎవరికీ చేతులు రావు. వేయక్కర్లేదు కూడా. రోజూ పారాయణం చేసే పెద్దవాళ్లు వీధికొకరైనా ఉంటారు. పెద్దక్షరాల ప్రతి అయితే కళ్లకద్దుకుని తీసుకుంటారు.

లైబ్రరీ చెత్తబుట్ట కాదు

'లైబ్రరీకి ఇచ్చేస్తే పుణ్యం' అనుకుంటాం. నిజమే. కానీ వాళ్ల అరలూ మన అరల్లాంటివే, నిండిపోతాయి. మనకి పనికిరాని గైడ్లు వాళ్లకీ పనికిరావు. అందుకే మూటలతో గుమ్మంలో దిగకుండా ముందు జాబితా రాసి పంపాలి. పుస్తకం పేరు, రచయిత, ప్రచురించిన సంవత్సరం, ఎన్నో ముద్రణ... ఈ నాలుగూ చాలు. కావలసినవి వాళ్లే చెబుతారు.

అరుదైనవి అనిపిస్తే పాత సంస్థలని అడగండి. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికైతే పాత పత్రికలు భద్రపరచడంలోనే పేరు. 2022లో బాపట్ల జిల్లా వచ్చాక మా రేపల్లె, ఆ వేటపాలెం ఒకే జిల్లా. ఇంత దగ్గరున్న సంగతి నాకు కాటా వెళ్లిపోయాక తట్టింది!

దూరంగా ఉన్నవాళ్లకి పంపాలంటే పోస్టాఫీసులో 'జ్ఞాన్ పోస్ట్' గురించి అడగండి. పుస్తకాల కోసమని 2025 మేలో మొదలైంది. అయిదు కిలోల వరకూ తక్కువ ఖర్చుతో వెళ్తాయి. ఇక ఇచ్చేసే ముందు ప్రతి పుస్తకాన్నీ ఒక్కసారి దులపండి. పాత ఉత్తరాలు, ఫొటోలు, రశీదులు రాలతాయి. మొదటి పేజీలో చేతిరాత ఉంటే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అర నిమిషం పని.

మూడు గుట్టలు

పోయిన ఆదివారం అబిడ్స్ వెళ్లలేదు. అమ్మా నేనూ హాల్లో కింద కూర్చుని ఆ అయిదు పెట్టెలూ ముందు పెట్టుకున్నాం. ఉంచుకునేవి, ఇచ్చేవి, అమ్మేవి... మూడు గుట్టలు. అమ్మ ఒక్కొక్కటీ తీసి, ఇది ఏ ఊళ్లో కొన్నారో, ఏ నెల జీతం ఆలస్యమైనప్పుడు కొని తనచేత చీవాట్లు తిన్నారో చెబుతూ పోయింది. మధ్యాహ్నానికి 'ఉంచుకునేవి' గుట్టలో పన్నెండే తేలాయి. నేను భయపడినట్టు అన్నీ కావాలని పట్టుపట్టలేదు.

'ఇంకొన్ని ఉంచుకోమ్మా, చోటుంది' అన్నాను.

'ఎందుకురా? చదివేవాళ్లకిచ్చెయ్. నాకు కావలసింది ఒక్కటే. అది నువ్వు అడక్కుండా ఇచ్చేశావు' అంది. కోపంగా కాదు, మామూలుగానే.

పాత పుస్తకాలు ఎక్కడ అమ్మాలి, ఎవరికివ్వాలి అని అడిగితే ఇప్పుడు నేను బోలెడు చెప్పగలను. కానీ వాటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 'ఇందులో నీకేమైనా కావాలా?' అని ఇంట్లోవాళ్లని అడగండి. అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఆ తర్వాతే... కాటా!