చీటీల పంట

ప్రభుత్వమునకు మదుపు లేని పంట యొకటి దొరకినది. దానికి వాన యక్కఱలేదు, కాలువ యక్కఱలేదు. రెండేండ్ల కొకసారి మద్యపు దుకాణముల లైసెన్సులకు అర్జీలు పిలిచినఁ జాలును. వేలకోట్ల రూపాయలు ఖజానాలోఁ బడును. ఈ పంటకు ఎరు వెవరు, కోఁత యెవరిదని పాఠకులు విచారింపవలెను.

తెలంగాణమున ఈ లైసెన్సు గడువు రెండేండ్లు. గడువు తీరిన వెనుకఁ బాతవానికిని దానిని తిరిగి పుచ్చుకొను హక్కు లేదు. అందఱును అర్జీ పెట్టవలసినదే. చీటీలలోఁ బేరు వచ్చినవానికే దుకాణము. పేరు రానివానికి అర్జీసొమ్ము తిరిగి రాదు. కీలకమంతయు నీ కడపటి నిబంధనలోనే యున్నది.

2017లో అర్జీ రుసుము లక్ష రూపాయలు. వచ్చినది సుమారు 410 కోట్లు. 2019లో రుసుము రెండు లక్షలాయెను. 2023లో 2,620 దుకాణములకు సుమారు 1 లక్ష 32 వేల అర్జీలు రాఁగా ఖజానాకుఁ జేరినది 2,600 కోట్లకు మించినది. డిసెంబరు 1న మొదలగు లైసెన్సులకు చీటీలు ఆగస్టులోనే తీయఁబడెను. శాసనసభ యెన్నికలు నవంబరులో జరిగెను. ప్రభుత్వము మాఱినది, పద్ధతి మాఱలేదు. 2025లో రుసుము మూడు లక్షలయ్యెను. అర్జీలు 95 వేలకుఁ దగ్గెను గాని రాబడి 2,850 కోట్లకుఁ బెరిగెను. అందు 92 వేలకుఁ బైగా అర్జీలు వట్టిపోయినవే.

రుసుమనఁగాఁ జేసిన పనికిఁ బుచ్చుకొను కూలి. ఒక కాగితమును చూచి, ఒక చీటీని డబ్బాలో వేయుటకు మూడు లక్షల కూలియా? ఇది రుసుము కాదు. ప్రభుత్వమే పందెగాఁడై యాడించు జూదము. పల్లెలోఁ బేకాట యాడిన కూలివానిని ఠాణాకుఁ బట్టుకొనిపోవు చేయియే యీ చీటీలను దీయుచున్నది!

మద్యవ్యాపారము పౌరుని మూలహక్కు కాదని సుప్రీంకోర్టు 1994లోఁ జెప్పినది గదా, ప్రభుత్వము తన యిచ్చ వచ్చిన వెల పెట్టరాదా యని కొంద ఱనవచ్చును. పెట్టవచ్చును. మేము మద్యవర్తకునికై కన్నీరు కార్చువారము కాము. కాని యతఁడు కట్టిన సొమ్మును ఇంటినుండి తెచ్చి దానము చేయునా? 5,000 లోపు జనాభా గల చోటను దుకాణమునకు ఏఁటా 50 లక్షల పన్ను కలదు. అర్జీలకుఁ బోసినది, పన్నునకుఁ గట్టినది, వడ్డీతోఁ గూడ రెండేండ్లలోనే రాఁబట్టుకొనవలెను. అందుకే దుకాణమునుండి బెల్టుషాపునకు, అక్కడినుండి గుడిసె గడపకు సీసా నడచిపోవుచున్నది.

కర్ణాటక సరిహద్దున నున్న గట్టు మండలమును జూడుఁడు. అక్షరాస్యతలో రాష్ట్రమునందు మిక్కిలి వెనుకఁబడిన మండలములలో నది యొకటి. అచటి ప్రత్తివిత్తనపు చేలలో ఆఁడువారు పూవు పూవునకును పుప్పొడి నద్ది కూలి గడింతురు. ఆ కూలి సాయంకాలమునకు సీసాగా మాఱినచో, హైదరాబాదు బడ్జెట్టులో నది రాబడి. గట్టులోని యింటి బడ్జెట్టులో నది పస్తు. ఒకే రూపాయి, రెండు పద్దులు!

మద్యము మానిపింప యత్నించుట ప్రభుత్వధర్మమని రాజ్యాంగపు 47వ అధికరణము ఘోషించుచున్నది. ఖజానా సంగతి యేమని యడుగువారికిఁ జరిత్రయే సమాధానము. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము పెట్టి, మరుసటి యేఁడు చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపఁజేసి, తగ్గిన రాబడికై 1939లో అమ్మకపు పన్నును దెచ్చెను. ముందు ధర్మమును నిశ్చయించి, పిదప ధనమును వెదకెను. 1992లో నెల్లూరు సీమ దూబగుంట స్త్రీలు సారాపై లేచిరి. 1995లో మద్యనిషేధము వచ్చెను. 1997లో ఖజానా పేరు చెప్పి దానిని సడలించిరి. ధనమును ముందు వెదకువారికి ధర్మము కనఁబడదు.

రేపే సంపూర్ణ నిషేధము పెట్టుఁడని మేము మంకుపట్టు పట్టుట లేదు. మూఁడు కోరికలు కోరుచున్నాము. చీటీ రానివానికి నిజమైన ఖర్చు మినహాయించి సొమ్ము తిరిగి యిచ్చివేయుఁడు. వలసిన పన్నును లైసెన్సు పొందినవానివద్దనే ముక్కుసూటిగాఁ బుచ్చుకొనుఁడు. బెల్టుషాపునకు సరకు పంపిన దుకాణపు లైసెన్సును గడువుదాఁక ఆఁగక రద్దుపఱచుఁడు.

రెండేండ్ల కొకసారి వచ్చు ఈ సొమ్ముపై నెలనెల ఖర్చును నిలిపిన ప్రభుత్వము, తరువాతి పర్యాయము అంతకంటె నెక్కువ రాఁగోరక మానదు. ప్రజ త్రాగినఁ గాని తనకు గడవని ప్రభుత్వము త్రాగుఁడు మానుఁడని యే నోట చెప్పఁగలదు? 2027లో మరల చీటీలు తీయు దినము రాకమునుపే శాసనసభ్యుల నీ ప్రశ్న యడుగుఁడు. సమాధానము వచ్చువఱకు విడువకుఁడు.