నూలు పరికిణీ చలికి పనికిరాదా?

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి మన ఇళ్ళలో ఒక మార్పిడి జరుగుతుంది. ఆడపిల్లల పొడుగాటి నూలు పరికిణీలు పెట్టె అడుక్కి పోతాయి. సింథటిక్ బట్టలూ, స్వెట్టర్లూ పైకి వస్తాయి. ఎందుకని అడిగితే "నూలు చలవ కదా!" అంటారు. పెద్దవాళ్ళే కాదు, సైన్సు పుస్తకం చేతిలో ఉన్న మీరూ ఆ మాటే అంటారు. ఆ మాటలో సగమే నిజమున్నదని నా అభిప్రాయం. పరికిణీని మీ ఊళ్ళో లంగా అంటారో, పావడా అంటారో, పేరేదైనా సరే, దాన్ని నాలుగు నెలలపాటు పెట్టెలో దాచనక్కరలేదు. ఎలా తొడుక్కోవాలో తెలిస్తే చాలు.

ముందుగా ఒక సంగతి. ఏ బట్టా తనంతట తాను వెచ్చనిదీ కాదు, చల్లనిదీ కాదు. ఒక థర్మామీటరును దళసరి గొంగళిలో చుట్టి రాత్రంతా గదిలో ఉంచండి. తెల్లవారి చూస్తే అది గది ఉష్ణోగ్రతనే చూపిస్తుంది గాని, ఒక్క డిగ్రీ కూడా ఎక్కువ చూపించదు. వేడి పుట్టేది మన ఒంట్లో. లోపల సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు, చర్మం మీద సుమారు 33 డిగ్రీలు ఉంటుంది. బయట 15 డిగ్రీలుంటే ఆ వేడి బయటికి పారిపోవాలని చూస్తుంది. దాన్ని ఆలస్యం చేయడమే బట్ట చేసే పని.

ఈ ఆలస్యం ఎంతో కొలిచి చూసిన మనిషి ఒకడున్నాడు. పేరు బెంజమిన్ థాంప్సన్. తరవాత రమ్‌ఫర్డ్ ప్రభువుగా పేరుపడ్డాడు. అమెరికాలో పుట్టి, జర్మనీలోని బవేరియా రాజ్యంలో కొలువు చేశాడు. సైనికులకు ఏ బట్ట కుట్టించాలన్నది ఆయనకు వచ్చిన ప్రశ్న. ఒక గాజుబుడ్డి మధ్యలో థర్మామీటరు గుండు ఉండేలా అమర్చి, చుట్టూ ఉన్న ఖాళీలో ఒకసారి గొర్రెబొచ్చు, ఒకసారి దూది, ఒకసారి పట్టు, ఇలా అన్నీ ఒకే తూకంలో కూరి, మరిగే నీళ్ళలో వేడిచేసి, మంచునీళ్ళలో ముంచి, చల్లారడానికి పట్టే కాలం లెక్కపెట్టాడు. ఈ ప్రయోగాలు 1792లో అచ్చయ్యాయి. బుడ్డిలో ఏమీ కూరకుండా వట్టి గాలి ఉన్నప్పుడు దాదాపు పది నిమిషాల్లో చల్లారింది. గొర్రెబొచ్చు కూరితే పద్దెనిమిదిన్నర నిమిషాలు పట్టింది. మరి దూది? పదిహేడు నిమిషాలు దాటింది! ఉన్నికీ దూదికీ మధ్య తేడా ఒక్క నిమిషం పైచిలుకు మాత్రమే.

అసలు కిటుకు ఆ తరవాతి ప్రయోగంలో ఉంది. అదే తూకం పత్తిని దూదిగా కాక గట్టిగా వడికిన దారంగా చుట్టి పెడితే పద్నాలుగు నిమిషాలకే చల్లారిపోయింది. పదార్థం మారలేదు, తూకం మారలేదు. మారినదల్లా పోగుల మధ్య చిక్కుకున్న గాలి. కదలకుండా నిలిచిన గాలి చాలా అధమ వాహకం. వట్టి గాలి బుడ్డిలో గిరగిరా తిరిగి, సంవహనంతో వేడిని మోసుకుపోయింది. దూదిపోగులు దాన్ని కదలనీయలేదు. కాబట్టి నూలు చలవ అన్నప్పుడు తప్పు పత్తిది కాదు, గట్టిగా వడికి పలచగా నేసిన నేతది. ఈ సంగతి మన అమ్మమ్మలకు రమ్‌ఫర్డు చెప్పకుండానే తెలుసు. పాత నూలు చీరలు నాలుగైదు పరచి, దూరం దూరంగా కుట్లు వేసిన బొంతలో ఉన్ని పోగు ఒక్కటీ ఉండదు. అయినా పుష్యమాసపు రాత్రి ఆ బొంతలోంచి లేవబుద్ధి కాదు!

ఇక పరికిణీ దగ్గరికి వద్దాం. చలికి దీని ఆకారం ఎంత అనువైనదో గమనించారా? కాళ్ళ వేడికి లోపలి గాలి వేడెక్కుతుంది. వేడిగాలి పైకి పోతుంది. కాని పైన నడుము దగ్గర బొందు బిగించి ఉంది, దారి లేదు. బోర్లించిన చెంబులో పొగ నిలిచినట్టు ఆ వెచ్చని గాలి లోపలే నిలుస్తుంది. మెడ దగ్గర వదులుగా, కింద తెరిచి ఉండే చొక్కాలో అలా కాదు. అక్కడ వేడిగాలి మెడలోంచి పైకి పోతుంటే, కిందినుంచి చల్లగాలి ఎక్కుతుంది, ఇంటి పొగగొట్టం లాగా. వేసవిలో అది మనకు మేలు. చలికాలంలో మెడను ఒక గుడ్డతో మూసుకుంటే ఆ పొగగొట్టం మూతపడుతుంది.

పరికిణీకి ఒక లోపం లేకపోలేదు. నడిచినప్పుడల్లా కింది అంచు ఊగి, లోపలి వెచ్చని గాలిని బయటికి నెట్టి బయటి గాలిని లోపలికి లాగుతుంది. కొలిమితిత్తి వంటి పని అన్నమాట. దీనికి మందు లోపల ఇంకొక పొర. మెత్తని పాత లోపావడాగాని, కాళ్ళకు పైజామాగాని వేసుకుంటే, రెండు పొరల మధ్య గాలి అంత తేలికగా కదలదు. పొరలు వదులుగా ఉండాలి సుమా! మూడు పొరలూ ఒంటికి అంటుకునేలా బిగిస్తే మధ్య గాలికి చోటే ఉండదు. మోత తప్ప వెచ్చదనం దక్కదు.

గంజి సంగతి కూడా చెప్పాలి. వేసవిలో పరికిణీకి గంజి పెట్టి పెళపెళలాడించడం మనకు అలవాటు. గంజి నూలు మీది సన్నని నూగును అణచివేస్తుంది. బట్ట బిరుసెక్కి గొడుగులా విచ్చుకుని, అంచు కింద గాలికి బాట వేస్తుంది. వేసవికి అది కావలసిందే. చలికాలంలో గంజి మానేయండి. పదిసార్లు ఉతికి మెత్తబడిన పాత పరికిణీయే కొత్తదానికన్నా మేలు.

పైన స్వెట్టరు వేసుకోవద్దని నేననడం లేదు. కాని దాన్ని ఎక్కడ వేసుకుంటున్నారన్నది ప్రశ్న. అల్లిన స్వెట్టరులో కన్నాలెక్కువ. గాలి లేనప్పుడు ఆ కన్నాల్లోని గాలే మనను కాపాడుతుంది. సైకిలెక్కి ఎదురుగాలిలో పోతే మాత్రం అది జల్లెడే. అప్పుడు స్వెట్టరు మీద దగ్గరి నేత ఉన్న నూలు ఓణీయో, దుప్పటో కప్పుకుంటే ఈదరగాలి ఆగుతుంది. అందరూ ఓణీ లోపల, స్వెట్టరు పైన వేసుకుంటారు. ఒకసారి తిరగేసి చూడండి! అన్నట్టు, బజారులో ఉలన్ అని అమ్మే స్వెట్టర్లలో చాలావాటికి గొర్రెతో చుట్టరికం లేదు. అది అక్రిలిక్ అనే కృత్రిమ దారం. అయినా పనిచేస్తుంది, ఎందుకంటే దానిలోనూ పనిచేసేది గాలే. బట్టల ఈ శక్తిని కొలవడానికి 1941లో శాస్త్రజ్ఞులు 'క్లో' అనే ప్రమాణం పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా ఉండేటంత బట్ట ఒక క్లో.

నమ్మకం కుదరకపోతే బళ్ళో ఈ ప్రయోగం చేయండి. ఒకే రకం స్టీలు గ్లాసులు మూడు తీసుకోండి. ఒకదానికి పాత నూలుగుడ్డ నాలుగు చుట్లు బిగించి కట్టండి. రెండోదానికి అంతే గుడ్డ వదులుగా, మడత మడతకీ మధ్య సందు ఉండేలా చుట్టండి. మూడోదానికి రెండోదానిలాగే చుట్టి, గుడ్డను తడిపి పిండండి. మూడింటిలోనూ సమానంగా వేడినీళ్ళు పోసి మూతలు పెట్టి, అయిదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత రాసుకోండి.

ఆ మూడో గ్లాసు దగ్గరే నూలు ఓడిపోతుంది. ఈ మాట దాచడం న్యాయం కాదు. నూలు నీళ్ళను ఆబగా పీల్చుకుంటుంది. గాలి ఉండవలసిన సందుల్లోకి నీరు చేరుతుంది. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా ఉత్తమ వాహకం. పైగా ఒక్కొక్క గ్రాము నీరు ఆవిరవుతూ దాదాపు 580 కేలరీల వేడిని లాగేస్తుంది. మంచుపడ్డ చేనుగట్టున నడిస్తే పరికిణీ అంచు తడుస్తుంది; కేశనాళికల పద్ధతిలో ఆ తడి పైకి పాకుతుంది. లంబసింగి, అరకు వైపు పిల్లలకు, ఆదిలాబాదు అడవి పల్లెల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. అక్కడ కొన్ని ఉదయాలు 5 డిగ్రీల లోపుకు దిగుతాయి. వాళ్ళు అంచు ఎత్తి కట్టుకుని నడవాలి, తడిసిన బట్ట మార్చుకోవాలి. గొర్రెబొచ్చు గొంగళి అయితే కొంత తడిసినా వెచ్చదనం మొత్తం పోగొట్టుకోదు. ఆ విషయంలో దానికే నా ఓటు.

కొన్ని బళ్ళలో యూనిఫారం నిబంధన చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. స్వెట్టరు ఫలానా రంగుదే ఉండాలి. మోకాళ్ళ దాకా గౌను. కాళ్ళకు లోపల ఏమీ తొడగరాదు. ఛాతీకే చలి గాని కాళ్ళకు లేదన్నట్టు! కాళ్ళ మీదా చర్మమే ఉంది, వేడి అక్కడినుంచీ పోతుంది. కొత్త స్వెట్టరు కొనలేని ఇంట్లో కూడా పాత పైజామా ఒకటి దొరుకుతుంది. మార్గశిరం, పుష్యం రెండు నెలలూ ఆడపిల్లలను పొడుగు పరికిణీలో రానివ్వడానికి, లోపల ఇంకో పొర తొడుక్కోనివ్వడానికి బడికి పైసా ఖర్చు లేదు. ప్రధానోపాధ్యాయుల వారిని ఈ మాట అడగడానికి సైన్సు మాస్టారిని వెంటబెట్టుకుని వెళ్ళండి. పై ప్రయోగం లెక్కలు చేతిలో ఉంచుకోండి.

ఒక్క చోటికి మాత్రం ఈ వేషంతో వెళ్ళవద్దంటాను. చలిమంట దగ్గరికి. మనను వెచ్చగా ఉంచే ఆ పొరల మధ్య గాలే నిప్పుకు ప్రాణవాయువు అందిస్తుంది. నూలు సులువుగా అంటుకుంటుంది; వదులుగా వేలాడే అంచు మీద మంట నిలువుగా పాకుతుంది. సింథటిక్ క్షేమమనుకోకండి, అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటనులో నూగులేపిన నూలుబట్ట ఫ్లానెలెట్‌తో కుట్టిన రాత్రిదుస్తులు అంటుకుని ఎందరో పిల్లలు చనిపోయారు. నిప్పుకు లొంగని ఫ్లానెలెట్ కోసం అక్కడి రసాయన శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి కష్టపడ్డారు. ఉన్ని అంత తొందరగా అంటుకోదు.

ఎప్పుడైనా బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు మంటకు గాలి విసురుతుంది. వెంటనే నేలమీద పడుకుని దొర్లాలి. పక్కనున్నవారు దళసరి గొంగళి కప్పి మంట ఆర్పాలి. ఆ తరవాత కాలినచోట 20 నిమిషాలపాటు మామూలు చన్నీళ్ళు ధారగా పోసి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. సిరా, టూత్‌పేస్టు, వెన్న, ఇవేవీ పూయరాదు.

భోగినాడు తెల్లవారుజామున మంట చుట్టూ చేరేటప్పుడు అంచు ఎత్తి దోపుకున్న పొట్టి బట్టతో, ఓణీ కొంగు నడుముకు బిగించి, రెండు బారల దూరాన నిలబడండి. పట్టుదైనా నూలుదైనా ఆ పొడుగు పరికిణీని సాయంత్రం భోగిపళ్ళ పేరంటానికి అట్టే పెట్టుకోండి.