కొత్త ఏకాదశులు

కృష్ణాతీరమున అన్నము దొరకక జనులు చచ్చిన కాలము ఒకటి కలదు. 1832-33లో వచ్చిన డొక్కల కరవున గుంటూరు, బందరు ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. ఆ తరువాత బెజవాడయొద్ద ఆనకట్ట కట్టి 1855లో ముగించిరి. కాలువలు పాఱెను, మెట్టలు మాగాణులయ్యెను, వరి పండెను. ఆనాడు గంజికి మొగము వాచినవారి సంతతి నేడు రూకలిచ్చి పస్తులుండుచున్నది. గాదెలు నిండియున్నవి, కుండలు నిండియున్నవి. ఒడలు తగ్గవలెనని ఈ పస్తు.

బందరునకు పొండు, గుడివాడకు పొండు, దివిసీమలో ఏ రేవునకైన పొండు. మా కూచిపూడివంటి పల్లెకైన రండు. నలుగురు కూడినచోట రాజకీయముల తరువాత ప్రస్తావనకు వచ్చునది బరువే. "ఎన్ని కేజీలు తగ్గినారు?" అనునది నేడు కుశలప్రశ్నయైనది. తగ్గినవాఁడు పరీక్ష గెలిచినవానివలె నవ్వును. తగ్గనివాఁడు నేరము చేసినవానివలె తల వంచును. తగ్గనిది ఆడుదియైనచో చెప్పనక్కఱయే లేదు.

తగ్గించు మార్గములకు కొదువ లేదు. చిత్రమేమనగా, ఒక గురువు మాట మఱియొక గురువు మాటకు ఎదురు. మంతెన సత్యనారాయణరాజుగారు కృష్ణయొడ్డున ఆశ్రమము పెట్టి ఉప్పు, నూనె లేని వంటను, పచ్చికూరలను, పండ్లను, మంచినీటిని బోధించిరి. వీరమాచనేని రామకృష్ణగారు 2018 ప్రాంతమున ఊరూర సభలు జరిపి, అన్నము, పప్పు, పండు మాని, కొబ్బరినూనెవంటి క్రొవ్వును రోజునకు 70 మొదలు 100 గ్రాములవఱకు పుచ్చుకొనుమనిరి. నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, విటమిను మాత్రలు దానికి తోడు. ప్రొద్దుటూరున పుట్టి మైసూరున నిలిచిన ఖాదర్ వలీగారు వరిని, గోధుమను విడిచి కొఱ్ఱలు, సామలు, ఊదలు, అరికెలు తినుమనిరి. ఒకరికి నూనె విషము, ఒకరికి నూనెయే అమృతము. ఒకరికి పండు ప్రాణము, ఒకరికి పండు పాపము. ఇవి చాలవన్నట్లు పదునాఱు గంటలు పస్తుండి ఎనిమిది గంటలలో తినుమను పాశ్చాత్య పద్ధతి చేతిఫోనుల ద్వారా వంటయిండ్లలోనికి దిగినది. మాఘమున ఒకటి, చైత్రమున ఒకటి, ఆషాఢమున మఱియొకటి పట్టి విడిచిన ఇండ్లను నేనెఱుఁగుదును. నూనె సీసాలును, చిఱుధాన్యముల డబ్బాలును అటకమీద చేరినవి. బరువు మాత్రము మరల ఒంటిమీద చేరినది.

నేను ఈ పెద్దలను నిందించుటకు పూనుకొనలేదు. పంచదార మానుమని వారందఱును చెప్పిరి. అంగటి చిఱుతిండ్లు, సీసా పానీయములు, అర్ధరాత్రి భోజనములు కొందఱిచేతనైన మాన్పించిరి. అంతవఱకు మేలే. నా ఆక్షేపణ వేఱు. ఈ మతములన్నిటికి అడుగున ఒక నమ్మకము కలదు: ఒడలు లావగుట ఒక్కరి దోషమనియు, దానికి ప్రాయశ్చిత్తము ఆ యొక్కరి పస్తు అనియు. ఈ నమ్మకము శాస్త్రమునకు చెల్లదు, శరీరమునకు చెల్లదు, న్యాయమునకు అంతకన్న చెల్లదు. ఇల్లు తినెడి తిండి మారనిదే ఇంట నొకరు మానెడి తిండి నిలువదు.

శాస్త్రమునకు చెల్లదని ఏల అంటిని? పస్తును సమర్థించువారు ముందుగా "లంఖణము పరమౌషధము" అను సామెతను తెత్తురు. జ్వరము వచ్చినవానికి, అజీర్ణము చేసినవానికి చెప్పిన మాటను సంవత్సరము పొడుగున ఆచరింపుమనుట వైద్యము కాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదిరెండవ అధ్యాయము లంఘనమును గూర్చినది. అందు లంఘనము పది విధములు. ఉపవాసము వానిలో ఒక్కటి, వ్యాయామము మఱియొక్కటి. మనవారు తొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని పట్టుకొనిరి. అంతకు ముందటి అధ్యాయములో చరకుఁడు నిందితములగు ఎనిమిది విధముల శరీరములను లెక్కించుచు, అతిస్థూలుని ప్రక్కనే అతికృశుని కూర్చుండబెట్టెను. స్థూలునకు ఆయన విధించినది వట్టి కడుపు కాదు. కడుపును నింపునదియు, ఒడలిని పెంచనిదియు అగు ఆహారము. యవలు, కొఱ్ఱలు, సామలు, అరికెలు, పెసలు, ఉలవలు ఆ పట్టికలో ఉన్నవి. ఉలవచారు మన సీమ సొత్తని గొప్పలు చెప్పుకొనుచు, ఆ ఉలవలను పెండ్లివిందులకే విడిచి, నిత్యము తెల్లని మరబియ్యమును కుప్పగా పోసికొని తినువారము మనమే.

మా ఊరివారికి మాన్యమగు అభినయదర్పణమును చూడుఁడు. నాట్యమునకు తగని పాత్రలలో అతిస్థూలను చెప్పిన నందికేశ్వరుఁడు అతికృశను గూడ చెప్పెను. అరమండిలో నిలిచి, తాళము తప్పక, ఊపిరి చెదరక గడియసేపు ఆడగల శరీరము కావలెనని ఆయన భావము. అట్టి శరీరము సాధనవలనను, చాలినంత తిండివలనను వచ్చును. పస్తున్న కాళ్లు మొదటి జతికే తడబడును. ఉపవాసమనగా దగ్గఱ వసించుట యని పెద్దలు చెప్పుదురు. దేవునిదగ్గఱ నని వారి తాత్పర్యము. తూకపు యంత్రముదగ్గఱ నని ఏ పెద్దయు చెప్పలేదు.

ఇక శరీరము చెప్పు సాక్ష్యము. "ఫలానివాఁడు పది దినములలో నాలుగు కేజీలు తగ్గినాఁడు; కంట చూచితిమి" అందురు. నిజమే. అన్నము మానినంతనే కాలేయమునను కండలయందును దాచిన పిండిపదార్థము కరగును. ఒక పాలు పిండిపదార్థము సుమారు మూఁడు పాళ్ల నీటిని పట్టి యుంచును గనుక, ఆ నీరును పోవును. మొదటి వారము తూకమున తగ్గినది చాలవఱకు నీరు. దానిని క్రొవ్వు కరగినదని సంబరపడుట తడిబట్ట ఆరగా బట్ట సన్నమైనదనుట వంటిది.

తరువాత ఏమగును? 1944-45లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమున ఏన్సెల్ కీస్ అను పండితుఁడు, తమంతట తాము ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు ఆఱు నెలలు అరకొర తిండి పెట్టి పరీక్షించెను. రోజునకు సుమారు 1,570 కెలోరీలు. వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. దానితోపాటు నాడి మందగించెను, చలి పట్టుకొనెను, మనసు క్రుంగెను. పగలు రాత్రి తిండిమాట తప్ప మాట లేకపోయెను. కొందఱు వంటపుస్తకములు కూడబెట్టసాగిరి. నియమము విడిచిన పిదప కొందఱికి ఎంత తినినను తనివి తీరలేదు. నేడు మన యిండ్లలో జరుగు పథ్యములలో కొన్ని ఆ యువకులకు పెట్టినంత తిండియు పెట్టవు. 2016లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన చూడుఁడు. దూరదర్శినిలో బరువు తగ్గు పందెమున పాల్గొన్న 14 మందిని ఆఱు సంవత్సరముల తరువాత పరీక్షింపగా, వారిలో అధికులు పోగొట్టుకొన్న బరువులో చాలభాగము మరల పొందియుండిరి. అంతకన్న విషాదమేమనగా, వారి శరీరములు ఉండవలసినదానికన్న రోజునకు సుమారు 500 కెలోరీలు తక్కువగా ఖర్చుచేయుచుండెను. శరీరమునకు కరవునకును వ్రతమునకును భేదము తెలియదు. తిండి తగ్గినంతనే అది లోభియై ఖర్చు తగ్గించును. ఆ లోభత్వమే మన పూర్వులలో కొందఱిని కరవు దాటించినది. దానిని మనము క్రమశిక్షణ లేమి యని తిట్టుచున్నాము.

అపాయములను గూర్చి ఒక్కమాట. 2023లో ప్రకటింపబడిన భారత వైద్యపరిశోధనామండలి లెక్క ననుసరించి మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైబడిరి. ఆ వ్యాధికి మాత్రలు గాని సూదిమందు గాని వాడువారు వైద్యుని అడుగక పస్తుండినచో నెత్తుటిలోని చక్కెర హఠాత్తుగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. ఉపన్యాసము విని ఇన్సులిన్ తమంతట తాము మానివేసినవారికి, అందులో శరీరమున ఇన్సులిన్ బొత్తిగా పుట్టనివారికి, ప్రాణమే పోవచ్చును. గర్భిణులు, బాలింతలు, ఎదుగు పిల్లలు, మూత్రపిండముల జబ్బు గలవారు ఇట్టి సాహసములకు బొత్తిగా తగరు. వేలమంది కూర్చున్న సభలో ఒకే మందుచీటి అందఱికి వ్రాయుట ఏ శాస్త్రమునను లేదు.

న్యాయమునకు చెల్లదనుటయే నాకు ముఖ్యము. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశపు స్త్రీలలో నూటికి 36 మంది అధికమైన బరువు గలవారని తేలినది. అదే పరిశీలనలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. అనగా ఒకే యింట, పెక్కుచోట్ల ఒకే శరీరమున, లావును రక్తలేమియు కలిసి కాపురము చేయుచున్నవి. ఇది తిండి ఎక్కువైన వ్యాధి యందురా, తక్కువైన వ్యాధి యందురా? తగని తిండి, తగని వేళ, తగని వరుస అని నేనందును. మన గృహిణి ఏమి తినుచున్నదో ఎవరైన చూచితిరా? మగవారికి, పిల్లలకు, అత్తమామలకు వడ్డించిన పిదప కూర అడుగంటియుండును, పప్పు పలుచనై యుండును, అన్నము మాత్రము మిగిలియుండును. పాఱవేయుటకు మనసొప్పక ఆ అన్నమును పచ్చడితో తినును. పిల్లవాఁడు విడిచిన ఇడ్డెన, మగఁడు విడిచిన గారె ఆమె కడుపునకే చేరును. పగలు మూఁడు గంటలకు ఒకమాఱు, రాత్రి పదిగంటలకు ఒకమాఱు ఒంటరిగా తిని, గిన్నెలు తోమి పండుకొనును. ఇట్లు ఇరువది యేండ్లు మిగులు మ్రింగి లావైన ఆమెను చూచి ఇల్లంతయు ఏకమై, "నోరు కట్టుకో" అనును!

ఆమె నోరు కట్టుకొన్నను వంట మానునా? మానదు. ఇంటివారికి ఎప్పటివలె పొయ్యిమీద వేపుళ్లు వేగుచుండగా, ఆమె ఆ వాసన పీల్చుచు నిమ్మకాయనీళ్లు త్రాగవలెను. మగఁడే పథ్యము పట్టినచో ఆయనకు వేఱొక వంట. పస్తు ఎవరిదైనను చాకిరి ఆమెదే. పెండ్లిచూపులకు ముందు కన్నెపిల్ల గతి ఇంతకన్న హీనము. వరుని పొట్టను ఎవరును కొలువరు. వధువు నడుమును మాత్రము అందఱును కొలుతురు. పదియవ తరగతి బాలిక ఖాళీ క్యారియరుతో బడికి వచ్చి ప్రార్థనవేళ కళ్లు తిరిగి పడుట మావంటి ఉపాధ్యాయులకు వింత గాకుండ పోయినది.

వెనుకటి కాలమున మగఁడు పోయినదానికి ఏకపూట భోజనమును, ఏకాదశి పస్తును విధించిరి. ధర్మమనిరి, పుణ్యమనిరి. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు ఆయన ఎదిరించినది ఒక్క శిరోముండనమునే కాదు. ఆడుదాని కంచములో ఏముండవలెనో ఊరివారు నిర్ణయించు అధికారమును గూడ ఆయన కదలించెను. ఆ ఏకాదశి పోయినదని మనము సంతోషించుచుండగా కొత్త ఏకాదశి వచ్చినది. దీనికిని కథ కలదు, ఫలశ్రుతి కలదు, ఉద్యాపనము కలదు. ఫలము రానిచో నియమభంగము చేసినావని నిందయు కలదు. వ్రతము తప్పెనని ఎవరును అనరు. ఎప్పుడును తప్పినది వ్రతము పట్టినదే!

"అట్లయిన లావు మంచిదా?" అని కొందఱు అడుగవచ్చును. కాదు. దక్షిణాసియావారికి తెల్లవారికన్న తక్కువ బరువునందే మధుమేహము, హృద్రోగము ముంచుకొనివచ్చునని వైద్యులు నిర్ధారించిరి. నడుముచుట్టు చేరిన క్రొవ్వు నిజముగా శత్రువే. కాని ఆ శత్రువును ఇంటిలో అందఱును కలిసి పోరాడవలెను గాని ఒక్కరిని కోట వెలుపలకు నెట్టి తలుపులు మూయరాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ, 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు చేరినది. ఆ వ్యాధి మెఱుగుపెట్టిన బియ్యమే ఆహారముగా గలవారికి వచ్చునది. మన తెలుగుజిల్లాలకు అది క్రొత్త కాదు. ఆ సంస్థయే వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమనియు, రోజునకు వేయి కెలోరీలకు తక్కువగు పథ్యము తగదనియు చెప్పుచున్నది. ఇందు మహిమ లేదు, సభలు లేవు, జయధ్వానములు లేవు. అందుచేతనే కాబోలు, ఎవరును వినరు.

చేయవలసినది కష్టసాధ్యము కాదు. ఇంటికంతకు ఒకే వంట ఉండనిండు. అన్నము సగము చేయుఁడు, కూర రెట్టింపు చేయుఁడు. పప్పు చిక్కగా నుండనిండు. వారమున రెండు మూఁడు దినములు ఉలవలు, పెసలు, రాగులు పొయ్యి ఎక్కనిండు. కాఫీలో పంచదార, సాయంకాలపు పునుగులు, అతిథి వచ్చినపుడెల్ల బందరులడ్డు పొట్లము: వీనిని అందఱకును తగ్గింపుఁడు. వండినదానిని గృహిణితో కూడ అందఱును ఒకే పంక్తిని కూర్చుండి తినుఁడు. మిగిలినచో మఱునాఁడు తక్కువ వండుఁడు గాని తల్లికడుపును కుడితితొట్టి చేయకుఁడు. కాలువగట్టున ప్రతిదినము గడియసేపు నడువుఁడు. ఆమెకును ఆ గడియ దొరకునట్లు మగవారు గిన్నెలు తోముఁడు. తోమినందువలన వారి పొట్టయు కొంత తగ్గును. పెండ్లిచూపులలో పిల్ల నడుమును గూర్చి నోరెత్తిన చుట్టమును ఆ పూటకు పస్తుంచుఁడు. ఆ యొక్క ఉపవాసమును నేను సంపూర్ణముగా సమర్థింతును.

పస్తుండుట సులభము, ఒక్కరు ఓర్చినచో చాలును. పంక్తి మార్చుట కష్టము, అందఱును కదలవలెను. అందుచేతనే మన ఇండ్లు మొదటిదానిని ఎన్నుకొనుచున్నవి. సంస్కారమును కోరు చదువరులు రెండవదానిని ఎన్నుకొందురు గాక! నేఁటి రాత్రి భోజనమునకు ఇంటిలో ఎవరు కడపట కూర్చుందురో, వారి పళ్లెములో ఏమి మిగులునో ముందుగా చూడుఁడు. తూకపు యంత్రమును తరువాత చూడవచ్చును.